పొడవాటి ఒత్తు జుట్టుకు స్ట్రెయిట్‌నర్: ఎంచుకునే ముందు, కొనేటప్పుడు, కొన్నాక

నల్గొండ ప్రకాశం బజారులో అడిగినా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర అడిగినా, స్ట్రెయిట్‌నర్ చూపించే అన్న ముందుగా చెప్పే మాట దాదాపు ఒకటే: "అక్కా, ఇది రెండొందల ముప్పై డిగ్రీల దాకా పోతది." పెద్ద జుట్టు ఉన్నవాళ్లకు ఆ మాట వినగానే నమ్మకం కుదురుతుంది. ఇంత జుట్టుకు ఆ మాత్రం వేడి ఉండాలి కదా అనిపిస్తుంది. కానీ డబ్బా మీద ఉన్న అంకెలన్నిట్లో మనకు తక్కువ అక్కరకొచ్చేది అదే.

నడుము దాకా ఉన్న ఒత్తు జుట్టుకు మిషన్ కొనేటప్పుడు చూడాల్సింది, ఒక పాయను ఎన్నిసార్లు లాగితే పని అవుతుందన్నది. ఒక్కసారికి కావాలి, మహా అయితే రెండోసారికి. అదే పాయ మీద ఐదారుసార్లు లాగించే మిషన్ ఎంత పేరున్నదైనా, ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, తల వెంట్రుక నెలకు సెంటీమీటరు, ఇంకాస్త పెరుగుతుంది. ఏడాదికి 15 సెం.మీ. దాటడం అరుదు. మీ జుట్టు 80 సెం.మీ. ఉందంటే కొసల వయసు ఐదేళ్ల పైనే. అన్ని ఎండాకాలాలు, అన్ని తలస్నానాలు, అన్ని రబ్బరు బ్యాండ్లు చూసిన కొసలవి. కుదుళ్ల దగ్గరి వెంట్రుక తట్టుకున్న వేడిని అవి తట్టుకోలేవు. భుజాల దాకా జుట్టున్న అమ్మాయికి సరిపోయిన మిషన్ మనకు సరిపోకపోవడానికి మొదటి కారణం ఇదే.

మొదటి అడుగు: మీ జుట్టు ఏ రకం ఒత్తో తేల్చుకోండి

ఒత్తు జుట్టు అని మనం అనేదాంట్లో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. కొందరికి వెంట్రుకల సంఖ్య ఎక్కువ, ఒక్కో వెంట్రుక మాత్రం సన్నగా ఉంటుంది. ఇంకొందరికి ఒక్కో వెంట్రుకే లావుగా, బిరుసుగా ఉంటుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లు కూడా మన దగ్గర చాలామంది. ఈ తేడా తెలియకుండా కొంటే డబ్బులు వృథా, జుట్టూ పాడు.

జుట్టంతా వెనక్కి తీసి పోనీటెయిల్ వేసి, బ్యాండ్ ఉన్నచోట టైలర్ టేపుతో చుట్టుకొలత చూడండి. 10 సెం.మీ. దగ్గరగా గానీ ఆపైన గానీ ఉంటే సంఖ్యలో ఒత్తైన జుట్టు అనుకోవచ్చు. తర్వాత దువ్వెనలో రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లించండి. చేతికి తెలిసీ తెలియనట్టు ఉంటే సన్న వెంట్రుక. దారంలా స్పష్టంగా తగిలితే లావు వెంట్రుక. ఒక్క వెంట్రుకతో తేల్చేయకండి. చెవి పైన ఉండే వెంట్రుకలు మెడ మీది వాటికంటే సన్నగా ఉండటం మామూలే.

సన్న వెంట్రుకలే ఎక్కువగా ఉన్నవాళ్లకు ప్లేటు వెడల్పు ముఖ్యం, వేడి 160–170 దాటనక్కర్లేదు. లావు వెంట్రుకలున్నవాళ్లకు వేడి పడిపోకుండా నిలబెట్టే మిషన్ ముఖ్యం, అదీ 180–200 మధ్యలో. రెండూ ఉన్నవాళ్లు వెడల్పు, నిలకడ రెండూ ఉన్నదే వెతకాలి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, తప్పదు. రంగు వేయించుకున్నా, స్మూతెనింగ్ లాంటిది చేయించుకున్నా, ఎంత ఒత్తు జుట్టైనా 150–160 దగ్గరే మొదలుపెట్టాలి.

రెండో అడుగు: కొనే ముందు నీళ్ల సంగతి చూడండి

మన జిల్లాల వాళ్లకు ఇది తప్పకుండా చెప్పాలి. నల్గొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లు పడిన బాధ దేశమంతటికీ తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ 'నల్గొండ టెక్నిక్' అనే పేరే పెట్టింది. ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీద, ఎముకల మీద. జుట్టును బిరుసు చేసేది మాత్రం బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. ఆ ఉప్పు నీళ్లతో ఏళ్ల తరబడి తలస్నానం చేస్తే వెంట్రుక మీద సన్నని పొరలా పేరుకుంటాయి. జుట్టు గరగరలాడుతుంది, మెరుపు పోతుంది, దువ్వెన జారదు.

అప్పుడేమవుతుందంటే, "నా జుట్టు పుట్టుకతోనే బిరుసు" అనుకుని ఎక్కువ వేడి మిషన్ కొంటాం. నీళ్ల వల్ల వచ్చిన బిరుసుకు వేడి మందు కాదు. అందుకని కొనే ముందు రెండు మూడు వారాలు ఒక పని చేయండి. ఇంట్లో మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే తలస్నానం వాటితోనే చేయండి. అన్ని నీళ్లు లేకపోతే షాంపూ బోరు నీళ్లతో కానిచ్చి, చివర్లో జుట్టు పొడవునా జారేలా రెండు చెంబులు భగీరథ నీళ్లు పోసుకోండి. పేరుకున్నదాన్ని తీయడానికి ఈడీటీఏ ఉన్న క్లారిఫయింగ్ షాంపూ నెలకోసారి చాలు. ఆ తర్వాత వెంట్రుకను మళ్లీ వేళ్ల మధ్య దొర్లించి చూడండి. 200 డిగ్రీలు కావాలనుకున్న జుట్టు 175కే లొంగవచ్చు.

ఈ నీళ్ల వల్లే ఆవిరి వదిలే స్టీమ్ స్ట్రెయిట్‌నర్లు మన వైపు అంతగా నప్పవు. అందులో బోరు నీళ్లు పోస్తే గీజర్ రాడ్డుకు పట్టినట్టే తెల్లటి పొర పట్టి, ఆవిరి వచ్చే రంధ్రాలు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్ కొనిపెట్టుకునే ఓపిక ఉంటేనే ఆ రకం వైపు వెళ్లండి.

మూడో అడుగు: ప్లేటు వెడల్పు

మామూలుగా దొరికేవాటి ప్లేటు వెడల్పు అంగుళం, అంటే 2.5 సెం.మీ. దానిలో 2 సెం.మీ. పాయ కంటే ఎక్కువ పెట్టలేం. పెడితే పక్కకు జారి, అంచు వెంట్రుకలకు వేడి అందదు. పొడవు జుట్టులో అలాంటి పాయలు తీస్తూ కూర్చుంటే సగం తల అయ్యేసరికి చెయ్యి నొప్పెడుతుంది. ఓపిక పోయి పెద్ద పెద్ద పాయలు పెట్టి, సరిగా రాలేదని మళ్లీ మళ్లీ లాగుతాం. జుట్టు కాలేది అక్కడే.

1.5 అంగుళాల ప్లేటు పొడవు జుట్టుకు మధ్యస్థంగా బాగుంటుంది. నడుము దాటి, ఒత్తుగా కూడా ఉంటే 1.75 నుంచి 2 అంగుళాలది చూడండి. పాయల సంఖ్య దాదాపు సగానికి తగ్గుతుంది. వెడల్పు ప్లేటుతో ఒక ఇబ్బంది ఉంది. నుదుటి దగ్గరి పొట్టి వెంట్రుకలకు, చెవుల పక్కన, మరీ కుదుళ్ల దాకా అది అందదు. కొసలు లోపలికి తిప్పడం కూడా సన్న ప్లేటుతో వచ్చినంత అందంగా రాదు. మీకు కావలసింది కిందిదాకా జారే జుట్టు అయితే ఆ లోటు పెద్ద లెక్కలోది కాదు. ఎప్పుడూ ముందు వెంట్రుకలు తీర్చుకునే అలవాటున్నవాళ్లు 1.5 దగ్గర ఆగడం మంచిది.

వెడల్పుతో పాటు ప్లేటు పొడవూ చూడండి. 9 సెం.మీ. కంటే 11 సెం.మీ. ఉన్నది పాయను పరిచి పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

నాలుగో అడుగు: వేడిని నిలబెట్టేది కావాలి

పల్చటి పెనం మీద వరుసగా దోసెలు పోస్తే మూడో దోసెకు పెనం చల్లబడి పిండి అంటుకుంటుంది, మందపాటి ఇనుప పెనం మీద అయితే పదో దోసె కూడా మొదటిదానిలాగే వస్తుంది. స్ట్రెయిట్‌నర్‌లోనూ ఇదే జరుగుతుంది. ఒత్తు జుట్టు పాయ ప్లేట్ల మధ్యకు రాగానే వేడిని గుంజేసుకుంటుంది. తెర మీద 190 అని కనిపిస్తున్నా ప్లేటు అసలు వేడి కిందికి దిగిపోతుంది. మంచి మిషన్ దాన్ని వెంటనే గుర్తించి మళ్లీ ఎక్కిస్తుంది. నాసిరకంది పాయ మధ్యకొచ్చేసరికే డీలా పడుతుంది. దాంతో కుదుళ్ల దగ్గర సాఫీగా, కింద వంకర్లుగా మిగులుతుంది.

డబ్బా మీద హీటర్ రకం రాసి ఉంటే చూడండి. పీటీసీ హీటర్ అంటే వేడెక్కిన కొద్దీ దానంతట అదే కరెంటు తక్కువ తీసుకునే రకం. చవక మిషన్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. సురక్షితమే గానీ కోల్పోయిన వేడిని తిరిగి తెచ్చుకోవడంలో నెమ్మది. ఎంసీహెచ్ అని రాసి ఉంటే సిరామిక్ హీటర్, త్వరగా కోలుకుంటుంది. ఒత్తు జుట్టుకు అదే మేలు.

ఇక ప్లేటు పైపూత. సిరామిక్ పూత వేడిని సమంగా పరుస్తుంది, జుట్టు బాగా జారుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, సన్న వెంట్రుకలవాళ్లకు ఇదే సరి. టైటానియం త్వరగా వేడెక్కి వెంట్రుకకు గబగబా వేడి అందిస్తుంది. లావు వెంట్రుకలకు ఒక్క లాగుడుతో పని అవుతుంది. కానీ చెయ్యి ఒక్క క్షణం ఆగినా ఆ చోట కాలుతుంది, కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లకే అది మంచిది. టూర్మలిన్, అయానిక్ అని రాసినవి జుట్టు పిచ్చిగా లేవకుండా కొంత సాయపడతాయి. ప్లేట్లలో ఆర్గన్ ఆయిల్, కెరాటిన్ కలిపామని రాసి అదనంగా ధర వేస్తే ఆ డబ్బు మిగుల్చుకుని మంచి హీట్ ప్రొటెక్టెంట్ (మిషన్ పెట్టే ముందు, వేడి దెబ్బ తగ్గడానికి జుట్టుకు రాసుకునేది) కొనుక్కోవడం నయమని నా అభిప్రాయం.

ఐదో అడుగు: డిగ్రీలు మన చేతిలో ఉండాలి

ఆన్, ఆఫ్ మీట తప్ప ఇంకేమీ లేని మిషన్ వద్దే వద్దు. అలాంటి చాలావాటిలో వేడి 200 అటుఇటుగా ఒక్కచోటే స్థిరంగా ఉంటుంది. లావు వెంట్రుకకైనా కొసల దగ్గర అది ఎక్కువే. పది పది డిగ్రీలుగా పెంచుకునే, తగ్గించుకునే వీలుండి, అంకె తెరమీద కనిపించేది తీసుకోండి. 150 కంటే కిందికి కూడా దిగితే మరీ మంచిది, కొసలకు పనికొస్తుంది.

వెంట్రుక ముఖ్యంగా కెరాటిన్ అనే ప్రొటీన్. పొడి జుట్టులో కూడా 200 డిగ్రీలు దాటాక దానికి జరిగే నష్టం వేగంగా పెరుగుతుంది. 230 దగ్గరైతే ప్రొటీన్ రూపమే చెడిపోతుంది, కండిషనర్‌తో తిరిగొచ్చేది కాదు. ఇంట్లో వాడుకునే ఎవరికీ 200 దాటే అవసరం లేదు. పార్లర్‌లో 230 ఎందుకు పెడతారంటే అక్కడ కెరాటిన్ ట్రీట్‌మెంట్ లాంటివాటిలో రసాయనం పట్టడానికి. ఆ పని వేరు. పేరొచ్చిందిగా, ఒక మాట: ఆ రసాయనాల్లో కొన్ని వేడికి ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. చేయించుకునే ముందు సీసా మీద ఏం రాసి ఉందో అడిగి చూడండి.

ఆరో అడుగు: దుకాణంలో చేతికి తీసుకుని చేయాల్సిన పరీక్షలు

ఆన్‌లైన్‌లో కొన్నా ఇంటికి రాగానే ఇవే చేయండి, నచ్చకపోతే వాపసు గడువు లోపలే పంపేయొచ్చు.

ముందు చల్లగా ఉన్నప్పుడే ప్లేట్లు మూసి ట్యూబ్‌లైట్‌కు అడ్డంగా పట్టుకోండి. రెండు ప్లేట్ల మధ్య నుంచి వెలుతురు గీతలా కనబడితే అవి సరిగ్గా కలవడం లేదు. తర్వాత పేపరు ముక్క ఒకటి అడగండి. బిల్లు బుక్కులోదైనా చాలు, వేలెడు వెడల్పున చింపి, ప్లేట్ల చివర్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, మొదట్లో ఒకసారి పెట్టి మామూలు ఒత్తిడితో మూసి మెల్లగా గుంజండి. మూడు చోట్లా ఒకే బిగువు తగలాలి. ఒకచోట జారిపోయి ఇంకోచోట బిగుసుకుంటే పాయలో సగం వెంట్రుకలకు వేడి అందదు. ప్లేటు మీద వేలితో నొక్కితే కొంచెం లోపలికి దిగి పైకి రావాలి. దీన్నే ఫ్లోటింగ్ ప్లేట్ అంటారు. పాయ మందంలో తేడా ఉన్నా పట్టు సమంగా ఉండటానికి ఇది అవసరం.

ఇక పొడవు జుట్టువాళ్లు మానకూడని పరీక్ష. మిషన్ ప్లగ్గు పెట్టకుండానే, మీ జడ కొసను విప్పి ఒక సన్న పాయను ప్లేట్ల మధ్య పెట్టి మెల్లగా కిందిదాకా లాగండి. ప్లేటుకూ, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఒంటికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. చవక మిషన్లలో ఆ సందులో వెంట్రుక ఇరుక్కుంటుంది, చురుక్కుమని తెలుస్తుంది. పొట్టి జుట్టులో అయితే రెండు మూడు చోట్ల ఇరుక్కుని వదిలేస్తుంది. మన జుట్టులో ప్రతి పాయకూ, పైనుంచి కిందిదాకా, లాగిన ప్రతిసారీ తెంపుతూనే ఉంటుంది. ఒక్క వెంట్రుక పట్టుకున్నా ఆ మిషన్ పక్కన పెట్టేయండి. ఇంట్లో వాడాక సర్దుకుంటుందనే మాట నమ్మొద్దు. ప్లేటు అంచులు వేలితో తడిమి చూడండి. కోసుగా ఉంటే పాయ మీద అడ్డంగా గీత పడుతుంది, గుండ్రంగా ఉండాలి.

మిషన్‌ను తల వెనక్కి తీసుకెళ్లి, మెడ దగ్గర పాయ పట్టుకున్నట్టు ఒకట్రెండు నిమిషాలు అలాగే ఉంచండి. మోచెయ్యి లాగుతుందా, మూసి పట్టుకున్నప్పుడు బొటనవేలు డిగ్రీల బటన్ మీద పడుతుందా చూసుకోండి. బటన్‌కు లాక్ ఉంటే ఆ గొడవ ఉండదు. వెడల్పు ప్లేటు మిషన్‌ను రెండో చేత్తో కొసన పట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి ఆ కొస వేడెక్కని రకం కావాలి.

అప్పుడు, "అన్నా, జర ప్లగ్గు పెట్టి చూపియ్యరాదే" అని అడగండి. మంచి దుకాణంలో కాదనరు. కాదంటే వేరే దుకాణం చూసుకోండి. ఒకట్రెండు నిమిషాల్లో పెట్టిన డిగ్రీలకు చేరాలి. కాలిన ప్లాస్టిక్ వాసన ఘాటుగా రాకూడదు. వైరు ఒంటితో కలిసే చోట గిర్రున తిరగాలి, లేకపోతే కొన్ని నెలలకే అక్కడ మెలిక పడి లోపల తెగుతుంది. వైరు పొడవు 1.8 మీటర్లకు తగ్గకుండా చూడండి. నడుము దాకా లాగాలంటే వైరు కూడా చేతితో పాటు కిందికి రావాలి కదా.

కరెంటు సంగతి

స్ట్రెయిట్‌నర్ కరెంటు పెద్దగా తినదు. 50 వాట్ల మిషన్ అరగంట వాడితే యూనిట్‌లో నలభయ్యో వంతు. బిల్లు గురించి టెన్షన్ పడనక్కర్లేదు, మామూలు బోర్డు సరిపోతుంది. చూడాల్సింది వోల్టేజి. పొలాల మోటార్లు నడిచే వేళ, ఎండాకాలం సాయంత్రాలు ఊళ్లలో కరెంటు డిమ్ముగా వస్తుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే, మామూలు హీటర్‌లో వేడి పుట్టించే శక్తి 100కి 61 పాళ్లకు పడిపోతుంది. అప్పుడు మిషన్ పాడైందనుకుని డిగ్రీలు పెంచకండి. లైట్లు, ఫ్యాన్లు మళ్లీ మామూలుగా నడిచే వేళ దాకా ఆగండి. పెళ్లికి వెళ్లే రోజైతే పొద్దున్నే కానిచ్చేసుకోండి.

కొంతసేపు వాడకపోతే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉన్నదే కొనండి. పిల్లలున్న ఇంట్లో దీని మీద రాజీ పడొద్దు.

ధర, బిల్లు, వారంటీ

సుమారుగా చెప్పాలంటే, వెయ్యి రూపాయల లోపు దొరికేవాటిలో చాలావరకు అంగుళం ప్లేటు, స్థిరమైన వేడి. మన జుట్టుకు అవి సరిపోవు. 1,500–3,000 మధ్యలో ఫిలిప్స్, హావెల్స్, వేగా లాంటి కంపెనీల్లో వెడల్పు ప్లేటు, డిగ్రీల నియంత్రణ ఉన్నవి వెతికితే దొరుకుతాయి. చాలామందికి ఇక్కడే ఆగడం మంచిది. ఆపైన పార్లర్ వాళ్లు వాడే రకాలు. జుట్టు లావుగా, ఒత్తుగా, నడుము కిందికి ఉండి, వారం వారం చేసుకునేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. డైసన్ గాలితో తడి జుట్టునే ఆరబెడుతూ సాఫీ చేసే మిషన్ తెచ్చింది. దాని ధరకు మన దగ్గర చిన్న ఫ్రిజ్ వస్తుంది, కాబట్టి దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

బ్రష్ రకం స్ట్రెయిట్‌నర్ గురించి చాలామంది అడుగుతారు. పొద్దున ఆఫీసుకు వెళ్లే ముందు జుట్టు అణగడానికి బాగుంటుంది. ఒత్తు జుట్టులో లోపలి పొరకు వేడి అందించలేదు, కాబట్టి జారిపోయే నున్నటి జుట్టు దానితో ఆశించకండి.

డబ్బా మీద ఎంఆర్‌పీ, తయారైన లేదా దిగుమతైన నెల, ఏ దేశంలో తయారైంది, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింద ఉండే సీఎం/ఎల్ నంబర్‌ను, అంటే లైసెన్సు నంబర్‌ను, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. పేరున్న కంపెనీ డబ్బాలాగే కనిపించే నకిలీలు ఉంటాయి కాబట్టి ఈ ఒక్క నిమిషం పని చేయండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. సర్వీస్ సెంటర్ మీ ఊరికి దగ్గర్లో ఎక్కడుందో అప్పుడే అడగండి. దేవరకొండ వాళ్లో, కొల్లాపూర్ వాళ్లో రిపేరుకు హైదరాబాద్ దాకా తిరగాలంటే వారంటీ కాగితం మీదే ఉండిపోతుంది. కంపెనీ పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

మొదటిసారి వాడే రోజు

తలస్నానానికి ముందు కొబ్బరి నూనె పెట్టుకోవడం మంచి అలవాటే. అది వెంట్రుక లోపలికి దిగి, ఉతికేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. కానీ నూనె జుట్టు మీద స్ట్రెయిట్‌నర్ పెట్టకూడదు. నూనె కాగి, వెంట్రుకను వేపినట్టు చేస్తుంది. నూనె పోయేలా రెండుసార్లు షాంపూ పెట్టండి. కుంకుడుకాయతో రుద్దుకునేవాళ్లు పిప్పి మిగలకుండా కడిగేయాలి, లేదంటే అది ప్లేటుకు అంటుకుని మాడుతుంది.

తర్వాత పూర్తిగా ఆరనివ్వండి. ఒత్తు జుట్టులో పైపొర ఎప్పుడో ఆరిపోయి, మెడ మీది లోపలి పొర గంటల తరబడి చెమ్మగానే ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టి మెడ దగ్గర తడిమి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. తడి వెంట్రుకను వేడి ప్లేట్ల మధ్య పెడితే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, వెంట్రుకలోనే చిన్న చిన్న బుడగలు ఏర్పడతాయి. తర్వాత ఆ బుడగ ఉన్నచోటే వెంట్రుక విరుగుతుంది. ప్లేట్లు మూయగానే చుయ్‌మని శబ్దం వస్తే అక్కడికక్కడే ఆపేయండి.

వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి వస్తూ చిక్కు తీయండి. హీట్ ప్రొటెక్టెంట్‌ను ముందు కొసలకు, తర్వాత మధ్యకు రాసి, అది కూడా ఆరేదాకా ఆగండి. దాని బదులు కొబ్బరి నూనె చాలని చెప్పేవాళ్ల మాట వినకండి.

జుట్టును చెవి నుంచి చెవికి రెండు మూడు అంతస్తులుగా విడదీసి, పైవి క్లచ్చర్‌తో ఎత్తి కట్టండి. మెడ దగ్గరి కింది పొరతో మొదలుపెట్టాలి. పాయ వెడల్పు ప్లేటు కంటే తక్కువ ఉండాలి. మందం ఎంతంటే, పాయ వెనక వేళ్లు పెడితే వెంట్రుకల సందుల్లోంచి అవి లీలగా కనబడాలి.

మొదటి పాయకు 160 పెట్టండి. కుదుళ్లకు రెండు సెంటీమీటర్లు వదిలి, ప్లేట్లు మూసి, ఎక్కడా ఆగకుండా కిందికి రండి. ముందు దువ్వెన, దాని వెనకే మిషన్ నడిస్తే పాయ పరుచుకుని ఉంటుంది. 80 సెం.మీ. పాయకు 20 సెకన్లు అటుఇటుగా పడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. లాగిన వెంటనే ఎలా వచ్చిందో తేల్చేయకండి. వేడి వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలను వదులు చేస్తుంది, చల్లారేటప్పుడే అవి కొత్త ఆకారంలో బిగుసుకుంటాయి. కాబట్టి పాయ చల్లారాక చూడండి. ఇంకా వంకర్లుంటే 170, ఆ తర్వాత 180. ఏ డిగ్రీల దగ్గర ఒక్క లాగుడుతో పని అయిందో అదే మీ జుట్టు అంకె. దాన్ని గుర్తు పెట్టుకుని ఇక మార్చకండి.

రెండోసారి లాగాల్సి వస్తే జుట్టు సగం దాకానే వచ్చి ప్లేట్లు తెరిచేయండి. చివరి జానెడు కొసకు రెండో వేడి వద్దు. కొసలు మరీ పిచ్చిగా లేస్తుంటే, అంతా అయ్యాక మిషన్‌ను 140కి దించి, కొసల మీద మాత్రం ఒకసారి లాగండి.

తల మొత్తం అయ్యాక జుట్టు చల్లారేదాకా కట్టకండి, చెవుల వెనక్కి కూడా తోసుకోకండి. ఆ వేడి మీద ఏ ఆకారంలో ఉంటే అలాగే ముద్ర పడుతుంది. పండక్కి తయారవుతుంటే ఇదంతా పాత కాటన్ నైటీలోనే ముగించి, గద్వాల చీరో పోచంపల్లి చీరో తర్వాత కట్టుకోండి. పట్టు అంచుకు వేడి ప్లేటు ఒక్కసారి తగిలితే ఆ మచ్చ పోదు. మిషన్ ఆపాక కూడా ప్లేట్లు చాలాసేపు వేడిగానే ఉంటాయి కాబట్టి పరుపు మీద, ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టొద్దు. రాతి గట్టు మీద, పిల్లలకు అందని చోట పెట్టండి.

ఎన్నాళ్లుంటుంది, ఎప్పుడు మళ్లీ చేయాలి

ఎండాకాలం మన పొడి గాలికి సాఫీ జుట్టు వచ్చే తలస్నానం దాకా బాగానే నిలుస్తుంది. బతుకమ్మ రోజుల సంగతి వేరు. వానాకాలం వెళ్తూ వెళ్తూ గాలిలో తేమ ఉంటుంది, జల్లు పడొచ్చు, ఆడుతుంటే చెమటా పడుతుంది. నీరు తగలగానే ఆ హైడ్రోజన్ బంధాలు మళ్లీ వదులై జుట్టు పాత ఆకారానికి వచ్చేస్తుంది. ఏ మిషన్‌తో చేసినా ఇది ఆగదు. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం జుట్టు తిరిగి ఉంగరాలు తిరిగితే ఆదరాబాదరాగా మళ్లీ మిషన్ పెట్టకండి, చెమట జుట్టు అంటే తడి జుట్టే. వదులుగా జడ వేసి, పూలు పెట్టుకుని వెళ్లండి.

వారానికి ఒకసారి, తలస్నానం చేసిన రోజే చేసుకోవడం మేలు. మధ్యలో నుదుటి దగ్గరి వెంట్రుకలు లేస్తే వాటికి మాత్రం తక్కువ వేడితో ఒకసారి చాలు. కొసలు చిట్లడం కనబడితే రెండు మూడు నెలలకోసారి అర అంగుళం కత్తిరించండి. పొడవు పోతుందని బాధపడకండి, కత్తిరించకపోతే ఆ చీలిక పైకి పాకి ఇంకా ఎక్కువ పోతుంది.

మిషన్‌ను శుభ్రం చేయడం

హీట్ ప్రొటెక్టెంట్, మిగిలిన నూనె, దుమ్ము కలిసి ప్లేట్ల మీద గోధుమ రంగు జిడ్డుగా పేరుకుంటాయి. అది పేరుకున్న ప్లేటు మీద జుట్టు జారదు, చెయ్యి ఆగుతుంది, ఆగినచోట కాలుతుంది. నెలకోసారి ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక, మెత్తటి బట్టను కొంచెం నీళ్లలో తడిపి గట్టిగా పిండి తుడవండి. జిడ్డు మొండిగా ఉంటే బట్ట మీద కొద్దిగా రబ్బింగ్ ఆల్కహాల్ వేసుకోండి. స్టీలు పీచుతో, గోటితో, కత్తితో గీకొద్దు. వైరును మిషన్ చుట్టూ బిగించి చుట్టకండి, వదులుగా ఉండలా చేసి రబ్బరు బ్యాండ్ వేయండి. ప్లేటు పూత ఒక్కచోట లేచినా, గోరంత పెచ్చు ఊడినా, ఆ చోట వెంట్రుక చిక్కుకుంటుంది, వేడి కూడా ఎక్కువ తగులుతుంది. అలాంటి మిషన్ ఇంకా పనిచేస్తోంది కదా అని చెల్లెలికో పని మనిషికో ఇవ్వకండి, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునే చోట ఇచ్చేయండి.